తుంగలోని అభిమాని

చెరువు గట్టున ఒక బురదపలక ఉండేది. ఎవరు ఏం చెప్పాలన్నా దాని మీదే రాసేవాళ్లు. చదివినవాళ్లు పక్కన ఒక ఆకు వేసి పోయేవాళ్లు. ఆకంటే "చూశాను" అని అర్థం, అంతే. డోలప్ప అనే కప్పకు మాత్రం ప్రతి ఆకూ "భలే రాశావు!" అన్నట్టే వినిపించేది.

ఓ పొద్దున డోలప్ప రాశాడు: "తుంగగడ్డిలో పాము చేరింది. అటు వెళ్లకండి."

మధ్యాహ్నానికి ఆకులు కుప్పపడ్డాయి. డోలప్ప గొంతు బూరలా ఉబ్బింది.

"చూశావా నింపాదమ్మత్తా, నా రాతకున్న గిరాకీ!"

"పాము ఏ పక్కనుందిరా అని కింద అడిగాను కదా, జవాబేదీ?" అంది తాబేలు.

"ఉండత్తా, ఆకులు సర్దుకుంటున్నాను." ఇంతలో కుప్ప మీద పచ్చటి తుంగపోచ ఒకటి కనబడింది. "అబ్బ! అందరూ ఎండుటాకులు పడేస్తే ఈ మహానుభావుడెవరో పచ్చిది తెచ్చాడు! తుంగలో నాకింత అభిమాని ఉన్నాడా? ఒక్క దండం పెట్టి వస్తా."

గెంతుకుంటూ వెళ్లాడు. "అయ్యా, నా రాత మీకు అంత నచ్చిందా?"

"రాతదేముంది నాయనా," అని తుంగలోంచి బుస వినిపించింది, "నువ్వు నచ్చావు."

ఎలా గెంతాడో డోలప్పకే తెలీదు. వచ్చి అత్త డిప్ప వెనక పడ్డాడు.

"అత్తా! తుంగలో... తుంగలో పాముంది!"

"అవునట్రా," అంది నింపాదమ్మ తాపీగా. "పొద్దున ఎవరో రాశారు. నేనూ ఒక ఆకు వేశాను."