ఉత్త గిన్నె

నార్వే నుంచి కాకినాడకు చదువుకు వచ్చి, ఉద్యోగంలో కుదురుకున్న సిగ్రిడ్ పౌరసత్వ పరీక్షలో రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం. పరీక్ష పెట్టే మరమనిషి ఆమె వంటింట్లో కూర్చుని నదులు, పంటలు, చట్టాలు అడిగింది. ఒక్క మార్కు తక్కువైంది.

అంతలో పక్కింటి సత్యవేణి, నిన్న ఆనపకాయ పులుసు పంపిన గిన్నె కోసం వచ్చింది. సిగ్రిడ్ కళ్లు తుడుచుకుని, డబ్బాలన్నీ వెతికి, ఇంకేమీ దొరక్క గిన్నెలో గుప్పెడు పంచదార పోసి ఇచ్చింది.

“ఇలా ఇవ్వాలని ఎవరు నేర్పారు?” అంది మరమనిషి.

“ఎవరూ నేర్పలేదండి. ఉత్త గిన్నె ఇవ్వడానికి చేతులు రాలేదు.”

“ఈ ప్రశ్న నా జాబితాలో లేదు.”

“అయితే మీరూ నేర్చుకోండి. ముందు మా పిల్లకి ఆ మార్కు వేసేయండి,” అంది సత్యవేణి, పంచదార చప్పరిస్తూ.

మరమనిషి రెండూ చేసింది.