మిరప బస్తాల పక్కన

చనిపోయిన తమ్ముడి కారును మెకానిక్ చేతిలో పెట్టడానికి శేషుబాబుకు మనసొప్పలేదు. తుప్పుపట్టిన షాక్ అబ్జార్బర్ తానే మారుద్దామని, చీకటి పడ్డాక ఒక్క జాకీ మీద కారు లేపి కిందికి దూరాడు.

“వీడియో చూసి మెకానిక్ అయిపోయారా? ఉండండి, టార్చి తెస్తా,” అంటూ భార్య భానుశ్రీ లోపలికెళ్లింది.

కాసేపటికి కారు అవతలి వైపునుంచి వెలుగు పడింది. అతను నట్టు తిప్పసాగాడు. ఇంతలో గాలి లేచి, పక్కనున్న మిరప బస్తాల ఘాటు గొంతులో పడింది. దగ్గీ దగ్గీ కళ్లలో నీళ్లొచ్చాయి. వెలుగు మాత్రం వణకలేదు.

“నీకు దగ్గు రావట్లేదేంటే?”

ఇంట్లోంచి భానుశ్రీ దగ్గు వినిపించింది.

“ఏమండీ, టార్చి ఎక్కడ పెట్టారు? ఎంత వెతికినా కనబడట్లేదు.”

వెలుగు నట్టు మీదనుంచి మెల్లగా జరిగి, జాకీ మీద ఆగింది.