ఆరో పెట్టెలో స్కాట్లాండ్

"ఇందులోనైనా మనం ఉన్నామా?" అంది సెంగా.

ఫుట్‌బాల్ ప్రపంచకప్ బోర్డు ఆటకి ఆమె మొగుడు డగీ కొన్న అదనపు పెట్టెల్లో ఇది ఆరోది. మొదటి ఐదింటిలో ఒక్కో ఏడాది పోటీ. వాటిలో వేటిలోనూ వాళ్ల దేశం స్కాట్లాండ్ లేదు. ఆ ఏళ్లలో నిజంగానే అర్హత సాధించలేదు మరి.

"ఇది అర్హత పోటీల పెట్టె. ఇక్కడ గెలిస్తే కప్పుకి రానిస్తారు."

"బోర్డు మీద కూడా బతిమాలుకోవాలన్నమాట!"

స్కాట్లాండ్ తరఫున డగీ, మిగతా ప్రపంచం తరఫున సెంగా పాచికలు వేశారు. టీ వేళకి స్కాట్లాండ్ అర్హత సాధించి, కప్పు ఫైనల్లో బ్రెజిల్‌ని నాలుగు గోల్స్‌తో చిత్తు చేసింది.

"కప్పు మనదేనయ్యా!" అని చప్పట్లు కొట్టింది సెంగా.

డగీ మొహం పాలిపోయింది. "ఎక్కడో పొరపాటు జరిగింది," అంటూ కళ్లజోడు పెట్టుకుని నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"ఇదిగో! గ్రూపు ఆటలో గోల్ కొట్టిన మనవాడికి అప్పటికే రెండు పసుపు కార్డులు, అంటే ఆటలోంచి బయటికే. బయటికెళ్లిపోయినవాడు గోలెలా కొడతాడు? చెల్లదు. గోల్ తేడాతో మనం అప్పుడే ఇంటికి!"

"ఎవరు చూశారు, వదిలెయ్యి."

"నేను చూశాను."

స్కాట్లాండ్ బొమ్మల్ని పెట్టెలో సర్దేసరికి డగీ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "ఒక్క గోల్! ఒక్కటంటే ఒక్కటి!" అంటూ కుర్చీలో జారగిలబడి రిఫరీని, వానని, గోల్‌కీపర్ వంశాన్ని వరసగా తిట్టడం మొదలెట్టాడు. ఈమధ్య అంత హుషారుగా ఎప్పుడూ లేడు.

సెంగా కాసేపు అతన్నే చూసింది.

"అసలు గెలవాల్సింది మనమే," అంది టీ పోస్తూ.

"అదే కదా నేననేది!" అన్నాడు డగీ సంబరంగా.