సాటుగా కాదు, చాటుగా

ఎక్సైజు ఎస్సై గోపి మా గుమ్మంలో నిలబడి ఇల్లు సోదా చెయ్యాలన్నాడు. మా ఆయన పర్లాకిమిడి నుంచి తెచ్చుకున్న ఒడిశా మందు సీసాలు నాలుగు బియ్యం డ్రమ్ములో ఉన్నమాట నిజమే. డెబ్బై ఆరేళ్ళ మనిషిని పట్టుకుపోతే, స్టేషన్లో మోకాళ్ళకి తైలం రాసేదెవరు?

"వారంటేదిరా?" అన్నాను.

"అక్కర్నేదు టీచరమ్మా. అది తెచ్చేలోగా సరుకు మాయం సేసెస్తారని అనుమానముంటే, ఆ కారణం కాగితమ్మీద రాసి సోదా సెయ్యొచ్చు."

"అయితే రాయి. నా దగ్గర అయిదేళ్ళు తెలుగు చదివావు. తప్పుంటే గడప దాటనివ్వను."

అరుగు మీద కూర్చుని రాసి చూపించాడు. ‘సాటుగా దాసిన సరుకు’ అని ఉంది.

"సాటేటిరా? చాటుగా దాచిన. నోటితో ఎలాగన్నా అను, కాగితం మీద చ పెట్టు."

రెండోసారి ‘సోదా సేయుటకు’ అని రాశాడు. మూడోసారి సీసాలు కాస్తా ‘చీచాలు’ అయ్యాయి. పెరట్లో మా ఆయన ఒక్కో సీసా మునగచెట్టు మొదట్లో వంపుతున్న చప్పుడు వినబడకుండా, గొంతు పెంచి మరీ పాఠం చెప్పాను.

నాలుగోసారి తప్పుల్లేవు. ఇల్లంతా వెతికాడు. డ్రమ్ములో బియ్యమే ఉన్నాయి.

"పెద్దాయన్ని మరి పర్లాకిమిడి బస్సెక్కనీకండమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇంత మొద్దుకి ఉద్యోగమెవరిచ్చారా అని నవ్వుకుంటూ తలుపు వేశాను. గడియ పెడుతుంటే గుర్తొచ్చింది. జిల్లా డిక్టేషన్ పోటీలో ఒక్క తప్పూ లేకుండా రాసి, నా చేతుల మీదుగా మొదటి బహుమతి అందుకున్నది ఈ గోపియే.