కుక్క చెప్పిన తీర్పు

మేడ మీద అద్దెకున్నాయన ఆఖరి మెట్టు దిగాడో లేదో, కుక్క గొలుసు తెంపుకున్నంత పని చేసింది.

పళ్లన్నీ బయటపెట్టింది. నోట్లోంచి నురగ కారింది.

కింద వాటాలో బట్టలు కుడుతున్న ఇంటావిడ మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది.

“అన్నయ్యా, ముందు పైకి పో! ఇవాళే తెచ్చారు దీన్ని. కొత్త కదా, మనుషులు తెలీదు.”

ఆయన కుక్క మొహంలోకి కాసేపు చూశాడు. మెట్లెక్కి వెళ్లిపోయాడు.

కుక్కను తెచ్చింది అల్లుడు. మామగారు పోయాక అత్తగారు ఒంటరిదైపోయిందని, కాపలా కుక్కల్ని తయారుచేసే చోటికి వెళ్లి మరీ కొనుక్కొచ్చాడు.

“కొత్తా లేదు, పాతా లేదు అత్తయ్యా,” అన్నాడు. “పొద్దున్నించి పాలవాడొచ్చాడు. బట్టలు కుట్టించుకునేవాళ్లు పదిమంది వచ్చిపోయారు. ఒక్కళ్లనైనా ఏమన్నా అందా?”

“లేదు.”

“మరి ఆయన మీదికే ఎందుకు పోతోంది?”

“ఏమో బాబూ.”

“జాతి కుక్కండీ అది. రక్తంలోనే ఉంటుంది. దొంగను వాసనతో పట్టేస్తుంది.”

“ఛ, ఊరుకో! బంగారంలాంటి మనిషి.”

“బంగారమో గిల్టో, గీటురాయి మీద పెడితే తెలుస్తుంది.”

మర్నాడు అల్లుడు అన్నంత పనీ చేశాడు. పాలవాణ్ణి, కరెంటు రీడింగు తీసేవాణ్ణి, పక్కింటి లాయరుని, మేడ మీద ఆయన్ని వాకిట్లో వరసగా నిలబెట్టాడు. కుక్క గొలుసు పట్టుకుని ఒక్కొక్కరి ముందూ నడిపించాడు.

కుక్క పాలవాడి చెప్పులు వాసన చూసింది. రీడింగు తీసేవాడి దగ్గర ఆవలించింది. లాయరు వైపు కన్నెత్తైనా చూడలేదు.

“హమ్మయ్య, నా మీద కేసు కొట్టేసినట్టే!” అన్నాడు లాయరు.

అందరూ నవ్వుతుండగానే అది మేడ మీద ఆయన మోచేతి మీదికి ఎగిరింది. అల్లుడు బిగపట్టి లాగబట్టి సరిపోయింది.

నవ్వులు ఆగిపోయాయి.

“మనిషి నోరు అబద్ధమాడుతుంది గానీ, కుక్క ముక్కు ఆడదమ్మా,” అన్నాడు పాలవాడు మెల్లగా.

ఆ మాట ఇంటావిడ గుండెల్లో ముల్లులా దిగింది.

ఇక అక్కణ్ణించి ఆయన చేసిన ప్రతి మంచీ తిరగబడి కనిపించింది. కారుతున్న కుళాయి బాగుచేసి పెట్టాడు. ఇల్లంతా కలియజూడ్డానికేనా? పెరటి తలుపు గడియ వదులైతే బిగించాడు. దాని లోగుట్టు తెలుసుకోవడానికేనా? తను జ్వరంతో పడుకుంటే గంజి కాచి ఇచ్చాడని, పెరటి తాళంచెవి నమ్మి చేతికిచ్చింది. తోడబుట్టినవాళ్లకి కూడా చెప్పుకోని కష్టాలు ఆయనకి చెప్పుకుంది.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని వినడమే గానీ, ఆ వాసాలు తన ఇంటివే అవుతాయని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

సాయంత్రం మెట్ల కింద నిలబడి కేకేసింది.

“ఇదిగో, మిమ్మల్నే!”

అన్నయ్యా అని పిలిచే గొంతు ‘మిమ్మల్నే’ అనేసరికి, ఆయన అప్పుడే పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

“గది ఖాళీ చెయ్యండి. తాళంచెవి ఇచ్చెయ్యండి.”

“చెల్లెమ్మా, ఒక్క మాట...”

“ఆ వరస మీ నోట వినలేను. కుక్క చెప్పింది చాలు.”

ఆయన తాళంచెవి మెట్టు మీద పెట్టాడు.

“అడిగితే చెప్పేవాణ్ణమ్మా. నువ్వు అడగలేదు, తీర్పిచ్చేశావు.”

పెట్టె పట్టుకుని గేటు దాటుతూ వెనక్కి తిరిగాడు. కుక్క ఇంకా మొరుగుతూనే ఉంది.

“దాన్ని మాత్రం కోప్పడకు. దాని పని అది బాగా చేస్తోంది.”

‘ఎంత సిగ్గులేనితనం!’ అనుకుని ఆమె తలుపేసుకుంది.

నెల తిరిగాక ఒకసారి తెచ్చి చూపించమని కుక్కను అమ్మినవాళ్లు అప్పుడే చెప్పారు. ఆమే స్వయంగా కుక్కను తీసుకుని వెళ్లింది.

“గొప్ప జాతి బాబూ మీ కుక్కది,” అంది ట్రైనరుతో. “మంచివాడిలా నటిస్తున్న దొంగను వచ్చిన రోజే బయటపెట్టింది.”

ట్రైనరు నవ్వాడు.

“జాతిదేముందమ్మా? దీని తాతముత్తాతలు గొర్రెలు కాచుకునేవి. వెంటపడ్డం, దూకడం పుట్టుకతోనే వస్తాయి. ఎవడి మీద దూకాలో మాత్రం మేం నేర్పాలి.”

“ఎలా నేర్పుతారు?”

“ఒక మనిషి దొంగ వేషం కట్టాలి. మందపాటి కోటు తొడుక్కుని గోడ దూకి రావాలి. రోజూ దీని చేత చెయ్యి కరిపించుకోవాలి. పొరపాటున కూడా దీంతో ఒక్క మంచి మాట ఆడకూడదు. ఆడాడా, మేం నేర్పిందంతా నీళ్లలో పోసినట్టే. అందుకే దీని కంటికి ఆయన బతికున్నన్నాళ్లూ దొంగే.”



“ఆయన... ఇప్పుడు ఇక్కడ లేడా?”

“కోటు తొడుక్కున్నా దెబ్బలు తగలకుండా ఉంటాయా అమ్మా? మోచేతులు రెండూ పాడై ఈ పని మానేశాడు.”

“ఎక్కడుంటున్నాడు?” అడిగింది ఆమె.

“ఈ ఊళ్లో ఏ గుమ్మం తొక్కినా మా కుక్కలే, ఆయన దొంగే,” అన్నాడు ట్రైనరు కుక్క తల నిమురుతూ, “ఇన్నాళ్లకి కుక్క లేని ఇల్లొకటి దొరికింది, కింద వాటాలో మిషను కుట్టుకునే చెల్లెలు కూడా దొరికిందని, పోయినసారి వచ్చినప్పుడు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడమ్మా.”