బోల్టు లేని తుపాకి

బంగారయ్య సోఫాలో కూర్చోగానే అభిజిత్ లేచి వెళ్లి కిటికీ తెరిచాడు.

వాసన పెద్దగా ఏమీ లేదు. చుట్ట, నొప్పుల తైలం, ముసలితనం. అయినా ఫ్యాన్ వేగం కూడా పెంచాడు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఆ హడలే అభిజిత్‌కి సింగపూర్లో ఉద్యోగాన్నీ, సెంబవాంగ్‌లో ఫ్లాట్‌నీ ఇచ్చింది. మిగిలిన డబ్బుతో పాత సైనిక తుపాకులు కొని బాగుచేస్తుంటాడు. పోలీసు పర్మిట్ ఉంది. అన్నీ పేలకుండా గొట్టాలు పూడ్చేసినవే.

బల్ల మీదున్నది బ్రిటిష్ వాళ్ల రైఫిల్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు ఇక్కడి నేవల్ బేస్‌తో పాటు దాన్నీ పట్టుకుని వాడుకున్నారు. నెలల తరబడి తుప్పు గీకాడు, కర్రకి అవిసె నూనె పట్టించాడు. తూటాని గొట్టంలోకి తోసి పేల్చే బోల్టు మాత్రం లేదు. వేరే తుపాకి బోల్టు తెచ్చి తగిలించడానికి అతనికి మనసొప్పలేదు. ఇంకొకరి పళ్లసెట్టు నోట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది.

త్వరలో కమ్యూనిటీ క్లబ్‌లో యుద్ధకాలపు వస్తువుల ప్రదర్శన.

"బోల్టు లేకపోయినా ఫరవాలేదు. దాని కథ ఉండాలి. లేకపోతే తీసుకోం" అన్నారు క్లబ్ వాళ్లు.

జపాన్ కాలమంతా బేస్‌లో పనిచేసిన తెలుగాయన ఒకడున్నాడని ఆఫీసులో దీపక్ చెప్పాడు. అలా వచ్చాడు బంగారయ్య.

"మీరు సోల్జరా అంకుల్?"

"నేనా? సోల్జరా! లేదు లా!" మాట చివర సింగపూర్ వాళ్ల 'లా' తగిలించి ముసలాయన పగలబడి నవ్వాడు. "బకెట్లు మోసేవోణ్ణి."

"నీళ్లవా?"

"నీళ్లయితే దొరబాబునే! కక్కసు బకెట్లు బాబూ. సోల్జర్ల కక్కసుల కింద పెట్టేవోళ్లు. పొద్దున్నే కావిడేసుకుని బయటికి మోసుకుపోయేవోణ్ణి."

అభిజిత్ చేతిలోని బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది.

బంగారయ్య చెయ్యి చాచి తుపాకి కర్రని నిమిరాడు. యాభై ఏళ్లుగా కడుక్కుంటున్న చెయ్యే అది. ఆ సంగతి అభిజిత్‌కి తెలుసు. తెలిసినా, ఆ వేళ్లు తన నాలుక మీదే పాకుతున్నట్టనిపించింది.

"ఇది పేలుద్దా బాబూ?"

"పేలదు. ఎవడో దొంగ వెధవ బోల్టు ఎత్తుకుపోయాడు. ఇప్పుడిది ఉత్త కర్ర."

"బాగుంది, బాగుంది." అభిజిత్ ఇచ్చిన టీ గుటకేస్తూ, పళ్లు లేని నోరు ఇంత చేసి నవ్వాడు. నోటి మూల నుంచి టీ కారి గడ్డం మీదికి జారింది.

అభిజిత్ మొహం తిప్పుకున్నాడు.

"యుద్ధం గురించి ఏమైనా చెప్పండి అంకుల్. తుపాకుల గురించి."

"చెప్తా. కానీ ఆ బకెట్ల కాడ నుంచే మొదలెట్టాలి. లోపల ఎంత నిండేదో, ఎండకి పురుగులు ఎట్టా..."

"వద్దంకుల్! ప్లీజ్. తింటున్నాం కదా."

"అది చెప్పకపోతే కత లేదు బాబూ."

"లేకపోతే పోనీలెండి. కింద టాక్సీ ఎక్కిస్తాను పదండి."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. కోపం తెచ్చుకోలేదు. ఇలాంటి మొహాలు చాలా చూసినవాడిలా మెల్లగా లేచాడు.

ఆయన వెళ్లాక అభిజిత్ ఆ టీ కప్పుని, చెత్తని కిందికి జారవిడిచే గొట్టంలో పారేశాడు. తుపాకి కర్రని స్పిరిట్‌తో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. మెరుగంతా పోయింది. వాసన మాత్రం పోలేదు. అసలు వాసనంటూ లేదని అతనికి తెలుసు. ముసలాయన మీది రోత తన మీదికి తిరగబోతుంటే చప్పున టీవీ పెట్టుకున్నాడు.

తర్వాత ఒక అట్ట మీద కథ తనే రాశాడు: 'చివరి తూటా దాకా పోరాడి నేలకొరిగిన, పేరు తెలియని వీరుడి తుపాకి.'

ప్రదర్శనలో ఆ అట్ట ముందు జనం తలలు వంచి నిలబడ్డారు. ఎంత శుభ్రమైన చావు! చూస్తూ చూస్తూ అభిజిత్ కూడా నమ్మసాగాడు.

సాయంత్రం ఒకావిడ వచ్చింది. మంగతాయారట. బంగారయ్య కూతురు.

"నాన్న మొన్న పోయారు తమ్ముడూ. ఆయన చెప్పిన కత ఇక్కడ పెట్టుంటారని వచ్చా." అట్ట మీది మాటలు పెదాలు కదుపుతూ చదివింది. "ఇదేంటిది? ఇదా చెప్పింది?"

"ఆయన తుపాకుల గురించి ఏమీ చెప్పలేదు ఆంటీ. ఎంతసేపూ ఆ బకెట్ల గురించే..."

"బకెట్ల గురించే గదా చెప్పాలి! ఆ కంపుకి గేటు కాడ జపాన్ సెంట్రీ ముక్కు మూసుకుని మొహం తిప్పుకునేవోడంట; ఆ బకెట్ల అడుగునే గదా, మా నాన్న వాళ్ల తుపాకుల బోల్టులు ఒక్కోటీ బయటికి మోసుకొచ్చి సముద్రంలో పారేసింది."