వెళ్ళొస్తాం

వాళ్ళింట్లో మొదటి పట్టభద్రుడైన గౌరీశు, తల్లి పైడమ్మకు బొర్రా గుహలు చూపించి బయటికొచ్చేసరికి డ్రైవర్లేని కార్లన్నీ సమ్మెకు దిగాయి. మనుషులు తమను ఏకవచనంలో పిలుస్తున్నారని వాటి కోపం. రైలు తప్పితే రేపు కొత్త ఉద్యోగంలో మొదటిరోజే గైర్హాజరు.

పొద్దున తమను తెచ్చిన కారు ముందు నిలబడి గౌరీశు కార్మిక హక్కుల మీద నిండు ఉపన్యాసమిచ్చాడు. కారు శ్రద్ధగా విని, "మీ మద్దతుకు ధన్యవాదాలండీ" అని అద్దాలు ఎత్తేసుకుంది.

"అలిగినావేటి నాయనా? మేం వచ్చీసినాం గదా," అంది పైడమ్మ.

తలుపు తెరుచుకుంది. "రండమ్మా. పొద్దున దిగుతూ వెళ్ళొస్తామన్నారు. వస్తామని మాటిచ్చినవాళ్ళను వదిలేయం. కొత్త బేరాలే బంద్."

యంత్రానికి వీడ్కోలేమిటని అప్పుడామెను విసుక్కున్నది గౌరీశే. ఇప్పుడు గబగబా లోపల కాలు పెట్టబోయాడు.

"వారు చెప్పలేదమ్మా," అంది కారు.

"నా కొడుకు, నాయనా. డిగ్రీ సదివినాడు."

కారు కాసేపు ఆలోచించింది. "సామాను కింద రాసుకోనా?"

"రాసుకో. కూసింత బరువే."

గౌరీశు సంచుల మధ్య ముడుచుకు కూర్చున్నాడు. స్టేషన్లో దిగుతూ, ఎవరూ అడక్కుండానే, చేతులు జోడించి "వెళ్ళొస్తానండీ" అన్నాడు.

"అమ్మా," అంది కారు, "మీ సామాను మాట్లాడుతోంది."